చుక్క బొమ్మ దారం

కుట్టు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదట మిషన్ గురించి అడుగుతారు. తర్వాత కటింగ్ గురించి అడుగుతారు. మెడలు ఎన్ని రకాలు, చేతులు ఎన్ని రకాలు అని అడుగుతారు. దారం గురించి అడిగిన పిల్లను నా సర్వీసు మొత్తంలో చూడలేదు. రంగు కలిస్తే దారం కుదిరినట్టే అనుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో మీకు పనికొచ్చే విషయం ఒక్కటే ఉంది. మిగతాది ఒక ఆదివారం గోదావరిలో జరిగిన సంగతి.

నేను ములకలపల్లిలో ఆడపిల్లల కుట్టు శిక్షణ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. రెండు గదులు, ముందు రేకుల వసారా, దాని ముందు రోడ్డు, రోడ్డు దాటితే టేకు చెట్లు. చుట్టుపక్కల అడవి ఊళ్ల నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. మమ్మల్ని చూసి నవ్వుకోవాల్సి వస్తే కోయ మాటల్లో నవ్వుకునేవాళ్లు. ఆ మర్యాద వాళ్లకుండేది.

నాతో పాటు ఇంకొక టీచర్ ఉండేది. వయసులో పెద్దది కాబట్టి నేను అక్కా అనేదాన్ని. ఆమె మాత్రం నన్ను మేడం అనేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను పుస్తకం తెరిచేదాన్ని కదా, పుస్తకాలు చదివేవాళ్లను మేడం అనాలని ఆమె లెక్క. పాఠాలు నావి, పని చేయించడం ఆమెది. నాకు లేసులు, కుచ్చులు నచ్చవు. ఆమెకు అవి లేకపోతే బట్ట కుట్టినట్టే ఉండదు. ఈ విషయంలో మా ఇద్దరికీ చివరిదాకా రాజీ కుదరలేదు.

దారం పాఠం నేను చెప్పేదాన్ని. నూలు గుడ్డకు నూలు దారం. టెరికాట్‌కు పాలిస్టర్ దారం, ఎందుకంటే ఉతికినప్పుడు నూలు దారం ముడుచుకుంటుంది, టెరికాట్ ముడుచుకోదు, కుట్టు పొడుగునా ముడతలు పడతాయి. పట్టుకు సన్న దారం, సన్న సూది. ఏ రకమో తెలియని దారమైతే చివర కాల్చి చూడాలి. నూలుదైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద రాలుతుంది. పాలిస్టర్‌దైతే కరిగి చిన్న పూసలా గట్టిపడుతుంది. రంగు దారమైతే గ్లాసు నీళ్లలో నానబెట్టి, రంగు వదులుతుందేమో చూడాలి. తెల్ల దారానికి ఈ నీళ్ల పరీక్ష అక్కర్లేదని చెప్పేదాన్ని. వదలడానికి దానికి రంగే లేదు కదా. అన్నిటికంటే ముఖ్యంగా, గుడ్డ కంటే దారం కొంచెం మెత్తగా ఉండాలి. గట్టిగా లాగితే ముందు దారం పోవాలి, గుడ్డ చిరగకూడదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. గోదావరిలో ఇది పూర్తిగా రుజువైంది.

అక్క భర్త బొగ్గు గనిలో అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. నేను అన్నా అని పిలిచేదాన్ని. అక్కది పుట్టుకతో చర్చి కుటుంబం. పెళ్లైనప్పటి నుంచి ఆయన్ని నదిలో మునిగి బాప్తిస్మం తీసుకొమ్మని అడుగుతూనే ఉంది. ఆయన వద్దనలేదు. షిఫ్టు మారినాక చూద్దామన్నారు. రిటైరైనాక చూద్దామన్నారు. రిటైరైనాక, మోకాళ్ల నొప్పులు తగ్గినాక చూద్దామన్నారు. నమ్మకం లేక కాదు. ఆయన భయం వేరే. పదిమంది ముందు తడిసి నిలబడితే నవ్వుతారని.

తనను చూసి ఎవరైనా నవ్వడమంటే ఆయనకు అంత పట్టింపు. ఒకసారి ఒక పెళ్లి భోజనంలో ఆయన కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగింది. ఆయన పడ్డారు. ఇంటావిడ ఫక్కున నవ్వింది. ఆ ఇంటి గడప ఆయన మళ్లీ తొక్కలేదు. ఆ ఇంటావిడ ఆయన సొంత చెల్లెలు.

అట్లాంటి మనిషి ఒక రోజు అన్నం తింటూ, సరే, నీళ్లల్ల దిగుత, అన్నారట. మర్నాడు అక్క కేంద్రానికి వచ్చి, నా ముందు కూర్చుని, పుస్తకం మూసెయ్యమంది.

"మా ఆయన ఒప్పుకున్నడు మేడం."

"మంచిదే కదా అక్కా."

"మంచిదే. కానీ ఒక్కలు నవ్విండ్రనుకో, మళ్ల ఈ జన్మల దిగడు. చర్చి మెట్లు గూడ ఎక్కడు. గౌను మంచిగ రావాలె. నా చేత్తోనే కుడత."

నీళ్లలో దిగేవాళ్లందరూ తెల్ల గౌన్లు వేసుకుంటారు. అక్క వాళ్ల చర్చి సంఘం పాత గౌన్లు పసుపురంగుకు తిరిగాయి. పాస్టర్ గారు ఆ తడవ దిగేవాళ్లందరికీ, వాళ్లతో పాటు తనకూ కొత్తవి కుట్టమని మా కేంద్రానికే చెప్పారు. గుడ్డ తెల్లటి మందపాటి టెరికాట్. మా దగ్గరున్న తెల్ల పాలిస్టర్ దారం దాని మీద పెడితే మాసిన గోడలా కనిపించింది.

అప్పుడు అక్క బీరువా పై అరలోంచి ఒక దారం కోన్ దించింది. ఖమ్మంలో మేము సామాను కొనే దుకాణదారు, మూతబడ్డ ఏదో బట్టల ఫ్యాక్టరీ సరుకు తెచ్చి అమ్ముతున్నప్పుడు కొన్న కోన్ అది. మంచి పనికి వాడదామని అక్క దాచింది. అంత తెల్లటి దారం నేను అంతకు ముందు చూడలేదు. సన్నగా, నునుపుగా, మెరుస్తూ ఉంది.

"ఇదేం దారం అక్కా?"

"మంచి దారం."

"మంచిదని ఎట్లా తెలుసు?"

"బయటి దేశందట."

అట్ట మీద అక్షరాలు మా ఇద్దరికీ రాని లిపిలో ఉన్నాయి. వాటి కింద ఒక నీటి చుక్క బొమ్మ.

"ఈ చుక్క ఎందుకు వేశారు?"

"నీళ్లకు ఏం కాదని. మా ఆయన చేతి గడియారానికి గూడ గిట్లనే చుక్క ఉంటది. నీళ్లల్ల పడ్డా నడుస్తది."

ఆ వాదన నాకు సబబుగానే తోచింది. చివర కాల్చి చూశాం. కరిగి పూసలా గట్టిపడింది. పాలిస్టర్ జాతే అనుకున్నాం. లాగి చూశాం. సరిపడా బలం ఉంది. తెల్లదే కాబట్టి గ్లాసు నీళ్లు తెప్పించలేదు.

మిషన్ మీద ఆ దారం వెన్నలా నడిచింది. చేతిపని దగ్గరే చిక్కొచ్చింది. అక్క చేతి సూదికి దారం ఎక్కించేది అందరిలాగే. కొస నోట్లో పెట్టి తడిపి, పళ్లతో కొరికి, సూది బెజ్జంలోకి తోస్తుంది. ఆ రోజు నోట్లో పెట్టింది, తీసింది. కొస లేదు. మళ్లీ పెట్టింది, తీసింది.

"మేడం, ఇదేందో నాలిక మీద జిగురు జిగురైతంది."

"నీ వక్కపొడి జిగురు అక్కా."

"వక్కపొడికి జిగురెక్కడిది?"

"పొద్దస్తమానం నములుతుంటే రాదా?"

అక్క లేచిపోయి నోరు కడుక్కుని వచ్చి మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ జిగురే. ఒక పిల్లను పిలిచి ఎక్కించమంది. ఆ పిల్ల కూడా నోట్లో పెట్టుకుని ముఖం వికారంగా పెట్టింది.

"పిల్లలకు కూడా వక్కపొడి అలవాటు చేశావా అక్కా?" అన్నాను.

"ఊకో మేడం," అని అక్క ఆ కోన్ మిషన్ పనికి వదిలేసి, చేతిపనికి పాత నూలు దారమే తీసుకుంది. అన్నగారి గౌను కాలర్ మాత్రం ఆమె మొత్తం చేత్తోనే కుట్టింది. లోపల కాన్వాసు పెట్టి, రెండు పొరలూ కలిపి, ముందు బొత్తాం కుట్టి, కాజా కట్టింది. ఆ కాలర్‌ను గౌనుకు కలిపే కుట్టు ఒక్కటే మిషన్ మీద వేసింది.

రెండో చిక్కు ఇస్త్రీ దగ్గర వచ్చింది. ఒక పిల్ల అలవాటు ప్రకారం గౌను మీద నీళ్లు చల్లింది. భుజం కుట్టు విడిపోయింది. ఆ పిల్ల గౌను పట్టుకొచ్చి చూపించింది.

"దారం టెన్షన్ లూజు పెట్టినవ్," అంది అక్క. "మళ్ల కుట్టు."

"నీళ్లు పడ్డకాడనే ఊడింది టీచర్."

"నీళ్లు పడితే కుట్టు ఊడుతదా? మరి గోదావరిల ఎట్ల ముంచుతరు?"

ఆ పిల్ల గౌను తీసుకుని మిషన్ దగ్గరికి పోయింది. టెరికాట్‌కు నీళ్లెందుకు, పొడిగా రుద్దండి అని అక్క అందరికీ చెప్పింది. తర్వాత ఇంకే గౌనూ ఊడలేదు. అందుకని నీళ్ల సంగతి అందరం మర్చిపోయాం.

అన్నగారు గౌను కొలత చూసుకోవడానికి వచ్చారు. వేసుకుని, అద్దం ముందు నిలబడి, కింది అంచు పట్టుకుని ఊపి చూశారు.

"ఇది నీళ్లల్ల పైకి లేస్తదా?"

"లేవది," అంది అక్క.

"లేస్తది. గాలి పట్టిందంటే గొడుగు లెక్క లేస్తది. నేను చూసిన. అందరు నవ్విండ్రు. ఇగో, ముందే చెప్తున్న. నవ్విండ్రంటే నేను అటు నుంచి అటే పోత."

అక్క నా వైపు చూసింది. భద్రాచలం వెళ్లి, చేపల వలకు కట్టే సీసపు గుండ్లు తెప్పించాం. ప్రతి గౌను కింది మడతలో గుండ్లు పెట్టి, చుట్టూ ఆ చుక్క బొమ్మ దారంతోనే రెండు వరసలు కుట్టాం. అన్నగారి గౌనుకు అందరికంటే ఎక్కువ గుండ్లు పెట్టాం. ఆయన మళ్లీ వేసుకుని ఊపారు. గౌను కదల్లేదు. తృప్తిగా తల ఊపి వెళ్లారు.

ఆదివారం పొద్దున వ్యానులో భద్రాచలం పోయాం. ఊరికి దిగువన జనం అంతగా రాని రేవు. నేను ఆ సంఘం మనిషిని కాను. గౌన్ల మీద మా కేంద్రం పేరు నిలబడాలని, అక్క రమ్మందని వెళ్లాను. ఇసుక మీద పాటలు పాడేవాళ్లు, చుట్టాలు, పక్కన ఫ్లాస్కుల్లో టీ. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. దిగేవాళ్లందరూ గౌన్ల కింద తమ మామూలు బట్టలు వేసుకున్నారు. అన్నగారు లోపల బనియను, గనిలో వేసుకునే పాత ఖాకీ నిక్కరు వేసుకున్నారు. ఆ విషయం అప్పటికి ఆయనకూ అక్కకూ తప్ప ఎవరికీ తెలియదు.

ముందుగాలే అయిపోతే పీడా పోతదని అన్నగారు వరసలో మొదట నిలబడ్డారు. అందరూ నడుం లోతులో నిలబడ్డాక పాస్టర్ గారు అందరినీ కళ్లు మూసుకొమ్మని, క్లుప్తంగా ప్రార్థన చేద్దామన్నారు.

ఆ ప్రార్థన క్లుప్తంగా సాగలేదు. సంఘంలో ఉన్న ప్రతి కుటుంబం అందులోకి వచ్చింది. రేవులో అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు, నేనూ అక్కా తప్ప. మేము కుట్లు చూస్తున్నాం.

మొదట నీళ్లడుగు నుంచి టుప్ మని ఒక బుడగ లేచింది. చేప అనుకున్నాను. మళ్లీ టుప్. మళ్లీ. అన్నగారి దగ్గరే ఎక్కువ చేపలున్నట్టు అనిపించింది, సీసపు గుండ్లు ఎక్కువ పెట్టింది కూడా ఆయన గౌనుకే. అప్పుడు వరస చివర నిలబడ్డ ఒకతని వెనక నుంచి తెల్లటి గుడ్డ ఒకటి విడిపోయి, నీళ్ల మీద చదునుగా పరుచుకుని, నెమ్మదిగా దిగువకు బయల్దేరింది.

"మేడం," అంది అక్క నా చెవి దగ్గర. "అది వీపు ముక్క గదా?"

"అవును. వీపే."

"ఎవలిది?"

"తెలీదు. ఇంకొకటి వస్తోంది. చేయి."

"కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?"

అంతటి ఆపదలో కూడా మేము ముక్కలు గుర్తుపడుతున్నాం. అంతకంటే ఏం చేయాలో మాకు తోచలేదు. నీళ్లలో నిలబడ్డవాళ్లు కళ్లు మూసుకుని ఉన్నారు. వాళ్ల చుట్టూ గౌన్లు పొరలు పొరలుగా విడిపోతున్నాయి. ఒక్క ముక్కకు కూడా చిరుగు లేదు. గుడ్డకు ఏమీ కాలేదు, దారమే పోయింది. సరిగ్గా నేను పాఠంలో చెప్పినట్టే.

"ఆపమందామా అక్కా?"

అక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. "ఆపితే అందరు కండ్లు తెరుస్తరు. తెరిస్తే నవ్వుతరు. నవ్వితే ఈయన పోతడు. ఒక్క నిమిషం మేడం. ఆమేన్ అననియ్యి."

కాబట్టి ఇద్దరం ఒడ్డున నిలబడి పాస్టర్ గారి ప్రార్థన తొందరగా ముగియాలని ప్రార్థించాం. నేను ఎవరిని ప్రార్థించానో నాకే తెలియదు.

ఆమేన్ వచ్చింది. పాస్టర్ గారు కళ్లు పూర్తిగా తెరవకుండానే అన్నగారి వీపు మీద ఒక చేయి, ఛాతీ మీద ఒక చేయి వేసి, చెప్పాల్సిన మాటలు చెప్పి, ఆయన్ని వెనక్కి వంచి నీళ్లలో ముంచి లేపారు. అన్నగారు పైకి లేచారు. తెల్ల బనియను, కింద నీళ్లలో ఖాకీ నిక్కరు, మెడ చుట్టూ బొత్తాం పెట్టిన తెల్ల కాలర్. ఇంకేమీ లేదు. గౌను అప్పటికే దిగువకు వెళ్తోంది.

అందరూ కళ్లు తెరిచారు. ఒంటి మీద గౌను కోసం తడుముకున్నారు. దిగువ నుంచి పడవవాడి గొంతు వినిపించింది.

"ఓ అయ్యా, బట్టలు కొట్టుకపోతున్నయ్. ఎవలియి?" ఒక ముక్క పైకి ఎత్తి చూసి మళ్లీ అన్నాడు. "ఒక్కటి గూడ పూరా అంగీ లేదేంది?"

అప్పుడు ఎవరో నవ్వారు. చూద్దును గదా, అక్క. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. ఇన్నేళ్లూ ఏ నవ్వుకు భయపడిందో ఆ నవ్వు ఆమె నోట్లోంచే వచ్చింది. నవ్వుతూనే ఆమె కళ్లలో భయం కనిపించింది. అన్నగారు ఒడ్డు వైపు చూశారు. మెడ మీద చెయ్యి వేసుకున్నారు. కాలర్ తగిలింది. దాన్ని బొత్తాం దగ్గర నుంచి వెనక దాకా తడిమి చూశారు. ఒడ్డుకు వస్తే ఆయన ఎటు నడుస్తారో అని నేను ఇసుక మీద దారి చూశాను.

ఆయన పాస్టర్ గారి వైపు తిరిగారు.

"పాపాలు పోతయన్నరు గదా అయ్యగారూ. బట్టలు గూడ పోతయని ముందుగాల చెప్పాలె."

పాస్టర్ గారు ఏదో చెప్పబోయి, ఆశీర్వదించడానికి చెయ్యి ఎత్తారు. ఎత్తిన చేతి నుంచి గౌను చేయి ఊడి నీళ్లలో పడింది. అది చూసి నీళ్లలో అందరికంటే ముందు అన్నగారు నవ్వారు. తర్వాతే పాస్టర్ గారితో సహా రేవంతా నవ్వింది. మిగతావాళ్లు తమ మామూలు బట్టలతోనే మునిగారు. ఒక్కరూ వెనక్కి పోలేదు. అన్నగారు చివరిదాకా కాలర్ తియ్యకుండా నీళ్లలోనే నిలబడి, వంతు వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పారు. "ఏం కాదు, దిగు. నీకు పోయేటందుకు గౌను గూడ లేదు."

పడవవాడు దొరికిన ముక్కలన్నీ కుప్పగా తెచ్చిచ్చాడు. అక్క వ్యానులో ఎడమ చేతులు, కుడి చేతులు వేరు చేస్తూ కూర్చుంది.

మర్నాడు కేంద్రంలో గ్లాసు నీళ్లు తెప్పించి ఆ దారం అందులో వేశాం. వేలితో తిప్పాను. దారం లేదు. పిల్లలు గ్లాసు చుట్టూ మూగారు. కోయ మాటల్లో కాదు, తెలుగులోనే నవ్వారు. ఖమ్మం దుకాణదారుకు ఫోన్ చేశాను.

"అది ఎంబ్రాయిడరీ పనిల గుడ్డ కదలకుండ ముందుగాల ఏసే కచ్చా కుట్టుకు మేడం. పని అయినంక నీళ్లల్ల ముంచితే అదే పోతది. కుట్టు ఇప్పే పని లేదు. చుక్క బొమ్మ ఉంది గదా, చూడలేదా?"

"చూశాం," అన్నాను.

గౌన్లన్నీ మాసిన గోడ రంగు పాలిస్టర్ దారంతో మళ్లీ కుట్టాం. ఇప్పటికీ ఆ సంఘం వాటినే వాడుతోంది. దారం రంగు గురించి ఎవరూ ఏమీ అనలేదు. అక్క వక్కపొడికి నేను క్షమాపణ చెప్పాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. చెప్పాను. అన్నగారు ఆ కాలర్‌ను ఇంట్లో గోడకు మేకు కొట్టి తగిలించారు. ఎవరైనా అదేమిటని అడిగితే, నా బాప్తిస్మం సర్టిఫికెట్, అంటారు. చెల్లెలి ఇంటికి కూడా పోయొచ్చారు. కుర్చీలో కూర్చోకుండా మంచం మీద కూర్చున్నారని అక్క చెప్పింది.

అప్పటి నుంచి మా కేంద్రంలో ఏ కొత్త దారం వచ్చినా, మిషన్ పక్కన గ్లాసు నీళ్లు పెట్టేవాళ్లం. రంగుదైనా సరే, తెల్లదైనా సరే. మీకు పనికొచ్చే విషయం ఇదే. పైన ఒకటే అన్నాను కాబట్టి ఇంకొకటి చెప్పను.

అక్క ఈ మధ్యే పోయింది. చివరి రోజుల్లో బాగా చిక్కింది. ఆమెకు ఆఖరుసారి తొడగాల్సిన తెల్ల జాకెట్టు వదులైందని, కొంచెం పట్టించమని అన్నగారు మా ఇంటికి తెచ్చారు. దాని చేతులకు లేసు ఉంది. లేసు జోలికి పోలేదు. పక్కల కుట్టు విప్పి, డబ్బాలోంచి తెల్ల దారం తీశాను. అన్నగారు లేచి వంటింట్లోకి వెళ్లారు. గ్లాసుతో నీళ్లు తెచ్చి మిషన్ పక్కన పెట్టారు.

"చూడు మేడం. ఆమె ఊకోదు."

దారం కొస నీళ్లలో వేశాను. ఇద్దరం కూర్చుని చూశాం. కాసేపటికి ఆయన వేలితో దాన్ని పైకి తీసి, రెండు చేతుల మధ్య పట్టి లాగి చూశారు.

"ఆగుతది," అన్నారు.

సూదిలోకి ఎక్కించాను.